మినిట్స్ ఖరారు కాలేదని కౌన్సిల్ తీర్మానం కాపీ ఆపొచ్చా?

గుంటూరు దగ్గర్లో ఒక మున్సిపాలిటీలో ఉంటున్నాం, ఊరి పేరు రాయట్లేదు. మా వీధికి సైడు కాలువ కట్టాలన్న అంశం రెండు నెలల కిందట జరిగిన సాధారణ సమావేశం అజెండాలో ఉంది. అది చర్చకు వచ్చే టైముకి ఒక కౌన్సిలర్ ఇంకొకరిని ఏదో అన్నారని, ఆ మాట వెనక్కి తీసుకోవాలని పోడియం ముందు బైఠాయింపు, అరుపులు, ఆ గోలలోనే మిగతా అంశాలన్నీ గబగబా చదివించేసి సమావేశం ముగించారట. ఇప్పుడు మా కౌన్సిలర్ ఆమోదం అయిపోయిందంటారు, ఇంజినీరింగ్ సెక్షన్‌లో అడిగితే వాయిదా పడిందంటారు. పేపర్లో వచ్చిందంతా తిట్ల గురించే, కాలువ ఊసే లేదు.

వార్డు సచివాలయంలో అడిగితే తీర్మానాలు తమ దగ్గరికి రావన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ తిరిగి తిరిగి మున్సిపల్ ఆఫీసుకే చేరింది. ఇక లాభం లేదని 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి సమాచార హక్కు చట్టం కింద ఆ అంశంపై తీర్మానం నంబరు, కాపీ అడిగాను. 30 రోజుల గడువు ముగిసే ముందు జవాబొచ్చింది. అజెండా కాపీ మాత్రం పెట్టి, మినిట్స్ (సమావేశంలో జరిగింది రాసిన రికార్డు) వచ్చే సమావేశంలో ఖరారయ్యాకే తీర్మానం కాపీ ఇస్తామని రాశారు. (అజెండా నేనడగలేదు, అది నా దగ్గర ఉంది.) ఏ సెక్షన్ కింద ఇవ్వట్లేదో లేదు, వచ్చే సమావేశం ఎప్పుడో కూడా లేదు.

సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలుకు ఇంకా టైముంది. వేసేముందు ఇది తెలియాలి: మినిట్స్ ఖరారు కాలేదన్న కారణంతో తీర్మానం కాపీ ఇవ్వకుండా ఆపడం చట్టప్రకారం చెల్లుతుందా?