మూడో టీకా పడకముందే కుక్కపిల్లను శిక్షణ తరగతికి తీసుకువెళ్లవచ్చా?

తూనీగ:
మా ఇంటికి ల్యాబ్రడార్ పిల్ల వచ్చి పది రోజులైంది. పేరు మైనా. ఈ ఆదివారానికి తొమ్మిది వారాలు నిండుతాయి. ఏడో వారంలో మొదటి టీకా పడింది, నులిపురుగుల మందు రెండుసార్లు వేశాం. మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో, అయిదో అంతస్తులో.

మూడో టీకా పడి పది రోజులు గడిచేదాకా దాని కాలు బయటి నేల మీద పెట్టనివ్వవద్దని మా పశువైద్యుడు గట్టిగా చెప్పారు. దగ్గరలోనే ఒక శిక్షకురాలు తమ డాబా మీద ఆరు వారాల తరగతి నడుపుతున్నారు. ఒక విడతలో ఆరు పిల్లలకు మించి చేర్చుకోరు. ఇప్పుడే మొదలుపెట్టాలని, నాలుగు నెలలు దాటాక తెస్తే పని రెట్టింపవుతుందని ఆవిడ అంటున్నారు. ఇద్దరూ మైనా మంచి కోరే చెబుతున్నారు. మా వారిది వైద్యుడి మాటే. నాకు మాత్రం ఎటూ తేలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

కొబ్బరితోట:
వెళ్లకండి అమ్మా. రెండేళ్ల క్రితం మా ఇంట్లో జరిగింది చెబుతాను. పది వారాల పిల్ల, ఒక టీకా పడింది. బంధువుల పెరట్లో గంటసేపు ఆడింది, అంతే. అయిదో రోజు ఉదయం పెరుగన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. సూది ఊడిపోకుండా దాని ముందు కాలిని నా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ కాలు నా బొటనవేలంత లావు కూడా లేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది.

పిరికి కుక్కకు తర్వాతైనా ధైర్యం నేర్పుకోవచ్చు. ముందు అది బతికి ఉండాలి కదా.

వేపచెట్టు:
కొబ్బరితోట గారూ, మీ బాధ అర్థమవుతోంది. పశువైద్యుడిగా అలాంటి పిల్లలను ఎన్నో చూశాను. అయినా ఇందులో రెండో వైపు కూడా చెప్పాలి.

టీకా ఒకటి కాకుండా మూడు ఎందుకు వేస్తామో ముందు చూద్దాం. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం మనం వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతుంది, మరో పిల్లలో పద్నాలుగు వారాలు దాటినా మిగిలే ఉంటుంది. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. అందుకే మూడు నాలుగు వారాల ఎడంతో టీకా మళ్లీ మళ్లీ వేస్తాం. చివరి మోతాదు పదహారు వారాలు నిండాక పడాలని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం సూచన. మన దగ్గర చాలామంది పన్నెండో వారంతోనే ఆపేస్తారు. తూనీగ గారూ, ఈ సంగతి మీ వైద్యుణ్ణి తప్పక అడగండి.

చిక్కు ఎక్కడంటే, కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా చూడగలిగే వయసు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకే. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో కొన్ని పిల్లలను పద్నాలుగు వారాల వరకు మనుషుల పొడ లేకుండా పెంచారు. ఆ తర్వాత వాటిని మచ్చిక చేసుకోవడం దాదాపు అసాధ్యమైంది. ఈ ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. అంటే టీకాలన్నీ పూర్తయ్యేసరికి ఆ వయసు కూడా దాటిపోతుంది.

అందుకే అక్కడి జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లో ఒక మధ్యేమార్గం చెప్పింది. తరగతికి కనీసం ఏడు రోజుల ముందు ఒక టీకా పడి, నులిపురుగుల మందు వేసి ఉంటే ఏడెనిమిది వారాలకే చేర్చవచ్చు. 2013లో అక్కడే వచ్చిన ఒక పరిశీలనలో అలాంటి తరగతులకు వెళ్లిన 279 పిల్లల్లో ఒక్కదానికీ పార్వో రాలేదు.

కొబ్బరితోట:
డాక్టరు గారూ, ఆ లెక్కలు అమెరికావి. అక్కడ వీధికొక కుక్కల గుంపు ఉండదు. మన దగ్గర టీకా అన్నది ఎరుగని కుక్కలు ప్రతి మలుపులో ఉంటాయి. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుందని మీరే ఒప్పుకుంటారు. చెప్పుల అడుగున అంటుకుని ఇంట్లోకి కూడా వస్తుంది. ఆ 279 పిల్లల్లో ఒక్కటైనా మన వీధుల్లాంటి చోట తిరిగిందా?

వేపచెట్టు:
న్యాయమైన అభ్యంతరం. అందుకే నేను వీధిలో నడిపించమనడం లేదు, పార్కు అసలే వద్దు. డాబా సంగతి వేరు, అక్కడికి వీధి కుక్క ఎక్కదు. కానీ నేలను దేనితో కడుగుతున్నారో అడగాలి. ఫినాయిల్‌కు పార్వో లొంగుతుందని నమ్మకూడదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. అది కూడా మురికి కడిగేశాక పోసి, పది నిమిషాలు అలాగే తడిగా ఉంచాలి.

పడమటిగాలి:
నేను డాక్టరు మాట తు.చ. తప్పకుండా పాటించినవాణ్ణి. మా బీగిల్‌ను అయిదో నెల వచ్చేదాకా గడప దాటనివ్వలేదు. టీకాలన్నీ అయ్యాక మొదటిసారి లిఫ్టు దగ్గరకు తీసుకువెళ్లాను. తలుపు తెరుచుకున్న చప్పుడుకే నాలుగు కాళ్లూ చాచి నేలకు అతుక్కుపోయింది, అక్కడే మూత్రం పోసేసింది. ఇప్పుడు దానికి మూడేళ్లు. ఈనాటికీ మెట్ల మీదుగానే దిగుతాం. హెల్మెట్ పెట్టుకున్న మనిషి కనిపిస్తే మొరగడం ఆపదు. గత దీపావళికి రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు.

కొబ్బరితోట గారూ, తర్వాత ధైర్యం నేర్పుకోవచ్చన్నారు. రెండేళ్లుగా నేర్పుతూనే ఉన్నానండి. ప్రాణంతో ఉంది, నిజమే. కానీ సగం రోజు భయంతో బతుకుతోంది.

తరగతికి పంపకపోయినా ఫరవాలేదు, పిల్లను బుట్టలోనో సంచిలోనో పెట్టుకుని రోజూ గేటు దగ్గర పావుగంట కూర్చోండి. బస్సు హారను, కూరగాయల బండి కేక, గొడుగు, చేతికర్ర పట్టుకున్న తాతగారు అన్నీ దూరం నుంచి చూడనివ్వండి. నేల మీద కాలు పెట్టకుండానే ఇదంతా అవుతుంది. నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

జొన్నచేను:
అసలు తరగతి ఎందుకన్నది నా ప్రశ్న. మాది దేశవాళీ కుక్క. ఏ తరగతికీ వెళ్లలేదు. కూర్చోమంటే కూర్చుంటుంది, పిలిస్తే వస్తుంది. ఇంట్లోవాళ్లు రోజూ పూటకు అయిదు నిమిషాలు కేటాయిస్తే చాలు.

ఇంకొక మాట. శిక్షకుడని పేరు పెట్టుకున్న ప్రతివారినీ నమ్మకండి. మా చెల్లెలు తన కుక్కను నెల రోజులు ఒకరి దగ్గర వదిలింది. తిరిగి వచ్చినప్పుడు చెప్పిన మాటల్లా వినేది, కానీ చెయ్యి ఎత్తితే చాలు కళ్లు మూసుకునేది. మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు గుర్తు. మీ కళ్లెదుట నేర్పని శిక్షణ వద్దు.

పడమటిగాలి:
ఈ చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే కూర్చోవడం నేర్పడానికి తరగతి అక్కరలేదు కానీ, ఆటలో ఎంత గట్టిగా కొరకవచ్చో మరో కుక్కపిల్లే నేర్పాలి. మీ దేశవాళీ పిల్ల తోబుట్టువులతో ఎన్నాళ్లు పెరిగిందో గుర్తుచేసుకోండి.

తూనీగ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మైనాను ఇంట్లో వదిలి నేనొక్కదాన్నే ఒక తరగతి చూసి వచ్చాను. చెప్పులు కింది మెట్టు దగ్గరే విడిపించారు. నేలను బ్లీచింగ్ నీళ్లతో కడుగుతున్నారు, వాసన పైమెట్టు నుంచే తెలిసింది. టీకా కార్డు చూడనిదే ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఎవరి చేతిలోనూ బిగుసుకునే గొలుసు లేదు, ఉడికించిన కోడిమాంసం ముక్కలే. ఒక పగ్ పిల్ల కుర్చీ కింద దూరి ఇరవై నిమిషాలు బయటికి రాలేదు. శిక్షకురాలు దాన్ని లాగలేదు, ఇంకెవరినీ లాగనివ్వలేదు. అదే తల బయటపెట్టి, మెల్లగా వచ్చి నా కాలి వేలు వాసన చూసింది. అక్కడే నా మనసు కుదిరింది.

ఈ ఆదివారం మైనాను తీసుకువెళుతున్నాను. ఇంటి తలుపు నుంచి డాబా దాకా చేతుల్లోనే. పదహారు వారాలకు వేయాల్సిన మోతాదు గురించి మా వైద్యుణ్ణి అడిగాను, వేస్తామన్నారు. తరగతి మాత్రం ఆయనకు ఇష్టం లేదు, మా వారికీ లేదు.

కొబ్బరితోట:
నా మాట మారలేదు. అయినా వెళుతున్నారు కనుక ఒకటి గుర్తుంచుకోండి. తరగతి తర్వాత రెండు వారాలపాటు రోజూ దాని ఆకలి చూడండి. ఒక్క పూట అన్నం వదిలేసి నీరసంగా పడుకుంటే తెల్లవారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. మేము ఆ రాత్రి వెతుక్కుంటూ రెండు గంటలు పోగొట్టుకున్నాం.