నలుపు తెలుపు ప్రింట్లలో చారలు: హెడ్ మార్చాల్సిందేనా?

అడిగినవారు (వేళచ్చేరి):
అందరికీ నమస్కారం. పులికాట్ సరస్సు దగ్గర పొద్దున్నే తీసిన ఫొటోలు కొన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, ఇంట్లోనే ఏ4 గ్లాసీ పేపర్ మీద ప్రింట్ వేస్తున్నాను. ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ (నలుపు, పసుపు, సయాన్ అనే ఆకుపచ్చ కలిసిన నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, ఆ చివరి రెండింటి లేత రంగులు), పోసింది కంపెనీ ఇంకే. కలర్ ఫొటోలు బానే వస్తున్నాయి. బ్లాక్ అండ్ వైట్ వేస్తే మాత్రం ఆకాశంలోనూ నీళ్ల మీదా అడ్డంగా చారలు పడుతున్నాయి. పడవలు, వలలు ఉన్నచోట ఏమీ తెలీదు. ఖాళీగా ఉన్నచోటే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నాజిల్ చెక్, అంటే హెడ్‌లో ఇంకు చల్లే సన్న రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గళ్ల ప్రింట్, బాగానే ఉంది, హెడ్ క్లీనింగ్ చేసినా తేడా లేదు. రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో ప్రింట్ చూపిస్తే అటు ఇటు తిప్పి చూసి "హెడ్ పోయింది సార్" అన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం కలిపితే కొత్త ప్రింటరే వస్తుంది. సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్ హాల్లో ఈ ఫొటోలు పెడతానని ఒప్పుకున్నాను, ఇప్పుడు అదొక టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు (అంబత్తూరు):
క్లీనింగ్ ఆపకుండా వరసగా కొట్టండి బ్రదర్, ఎప్పుడో ఒకప్పుడు క్లియర్ అవుతుంది. కాకపోతే సిరంజితో హెడ్‌లోకి లిక్విడ్ ఎక్కించేయండి.

జవాబు (పెరంబూరు):
అయ్యో, ఆ రెండూ చేయకండి. క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ట్యాంకుల్లోంచి ఇంకు లాగి అడుగున ఉండే వేస్ట్ ప్యాడ్‌లో పోస్తుంది. ఆ ప్యాడ్‌కి ఒక కౌంటర్ ఉంటుంది, అది నిండితే ప్రింటర్ పనే ఆపేస్తుంది. ఎప్సన్ మాన్యువల్స్‌లో కూడా చాలావాటిలో 3 సార్లు చూసి, అప్పటికీ తేడా లేకపోతే కనీసం 12 గంటలు వదిలేయమనే రాసి ఉంటుంది. ట్యూబుల్లో గాలి బుడగలు ఉంటే ఆ టైములో సర్దుకుంటాయి. ఇక సిరంజి సంగతి: చెయ్యి కాస్త గట్టిగా నొక్కిందంటే బాగున్న హెడ్ కూడా పోతుంది. నాజిల్ చెక్ పూర్తిగా వస్తున్నప్పుడు అసలు ఆ ఆలోచనే వద్దు.

ముందు ఆ చార ఎవరిదో తేల్చండి, ప్రింటర్‌దా, ఫైల్‌దా? ఆకాశం ఉన్న భాగం ఒక్కటీ చతురస్రంగా క్రాప్ చేయండి. 4×6 పేపర్ వెనక, లోపలికి పోయే వైపు పెన్సిల్‌తో చిన్న బాణం గీయండి. ఒక ప్రింట్ మామూలుగా వేయండి. రెండోది ఎడిటర్‌లో బొమ్మని 90 డిగ్రీలు తిప్పి, పేపర్‌ని మాత్రం మొదటిసారి పెట్టినట్టే పెట్టి వేయండి. చార బొమ్మతో పాటు తిరిగితే తప్పు ఫైల్‌ది. బొమ్మ తిరిగినా చార పేపర్‌కి అడ్డంగానే నిలబడితే ప్రింటర్‌ది. చతురస్రం ఎందుకన్నానంటే, పొడుగు బొమ్మయితే డ్రైవర్ (కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తనంతట తానే తిప్పేసి మనల్ని బోల్తా కొట్టిస్తుంది.

ఇంకో ప్రింట్ కూడా వేయండి. ఫొటో లేకుండా ఉత్త 50 శాతం బూడిద రంగు నింపిన పేజీ. అందులో ఫైల్ తప్పు ఉండే వీలే లేదు. అందులో చార కనిపిస్తే అది ప్రింటర్ వేసిందే.

అడిగినవారు (వేళచ్చేరి):
అక్కా, చెప్పినట్టే వేశాను. ఇంకా అయోమయంగా ఉంది. సన్నటి తెల్ల గీతలు, సమాన దూరంలో ఉన్నవి, పేపర్‌కి అడ్డంగానే ఉండిపోయాయి. బూడిద రంగు పేజీలోనూ ఉన్నాయి. కానీ ఆకాశంలో వెడల్పాటి పట్టీలు మెట్లలాగా ఉన్నాయి చూడండి, అవి మాత్రం బొమ్మతో పాటే తిరిగాయి!

జవాబు (పెరంబూరు):
అయోమయం ఏమీ లేదు, రెండు జబ్బులు ఒకే మనిషికి వచ్చాయంతే. షాపువాళ్లకి రెండూ కలిసి ఒకటే కనిపించి ఉంటుంది. విడివిడిగా చూద్దాం.

ముందు తెల్ల గీతలు. నాజిల్ చెక్ బాగుందన్నారు కదా, లేత రంగుల్ని నమ్మడానికి లేదు. పసుపు గళ్లలో ఒకటి రెండు లేకపోయినా తెల్ల పేపర్ మీద కంటికి ఆనదు. ఫోన్‌లో ముదురు నీలం బొమ్మ ఏదైనా ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి, గదిలో లైటు తీసేసి, ఆ వెలుగులో నాజిల్ చెక్ చూడండి. పసుపు గీతలు నల్లగా తేలతాయి. లేత సయాన్, లేత మెజెంటా గళ్లని మాత్రం మంచి పగటి వెలుతురులో దగ్గరగా పెట్టి చూడాలి.

మీ ప్రింటర్‌లో విడిగా బూడిద ఇంకు లేదు. నలుపుతో పాటు మిగతా రంగులు కూడా కొంచెం కొంచెం కలిస్తేనే మీ బూడిద. కాబట్టి చార రంగు కూడా ఒక సాక్ష్యమే. చార కొద్దిగా ఎర్రగా ఉంటే సయాన్ పడలేదు, ఆకుపచ్చగా ఉంటే మెజెంటా పడలేదు, నీలంగా ఉంటే పసుపు పడలేదు. ఏ రంగూ లేకుండా తెల్లగా, లెక్కగా సమాన దూరంలో ఉంటే అనుమానం పేపర్ నడక మీదికి పోతుంది. హెడ్ ఒక వరస వేశాక పేపర్ వెంట్రుకవాసి ఎక్కువ జరిగితే మధ్యలో తెల్ల సందు. తక్కువ జరిగితే రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పడి నల్ల గీత. కలర్ ఫొటోలోనూ ఇదే జరుగుతూ ఉంటుంది. అక్కడ చీరలూ చెట్లూ రంగులూ దాన్ని మింగేస్తాయి, అంతే.

అడిగినవారు (వేళచ్చేరి):
నీలం వెలుగులో పసుపు గళ్లు అన్నీ ఉన్నాయి, లేత రంగులూ ఉన్నాయి. గీతలు ఉత్త తెలుపే. స్కేలు పెట్టి కొలిచినా దూరం సమానంగానే ఉంది.

జవాబు (పెరంబూరు):
అయితే హెడ్ బాగానే ఉంది. మెయింటెనెన్స్‌లో అలైన్‌మెంట్‌కి వెళ్లండి. చాలా మోడళ్లలో రెండు ఉంటాయి. నిలువు అలైన్‌మెంట్ అంచులు మసకబారినప్పుడు చేసేది. మీకు కావాల్సింది అడ్డం అలైన్‌మెంట్. అది ఒక పేజీ వేస్తుంది, అందులో అంకెలు వేసిన పెట్టెలు ఉంటాయి. కొన్నింటిలో మధ్యన తెల్ల సందు, కొన్నింటిలో నల్ల గీత. రెండూ లేకుండా నున్నగా కలిసిన పెట్టె అంకె కొట్టాలి. రెండు పెట్టెల మధ్య తేల్చుకోలేకపోతే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి.

తర్వాత డ్రైవర్‌లో పేపర్ టైపు గ్లాసీకే ఉందో లేదో చూడండి. వేరే కంపెనీ పేపర్ అయితే దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలి. క్వాలిటీ హై పెట్టండి. "హై స్పీడ్" లేదా "బైడైరెక్షనల్" అని ఉన్న టిక్ తీసేయండి. అప్పుడు హెడ్ ఒకవైపు వెళ్లేటప్పుడే ఇంకు చల్లుతుంది. టైము ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

జవాబు (టి. నగర్):
ఒక మాట కలుపుతాను. పేజీ పైన బాగుండి కిందికి వచ్చేకొద్దీ చారలు పెరిగితే అది వేరే కథ. ఇంకు సరఫరా సరిపోవడం లేదన్నమాట. ట్యాంకులో లెవెల్ చూసుకోవాలి. పాత మోడళ్లలో రవాణా కోసం ఒక లాక్ ఉండేది, అది మూసి ఉన్నా ఇంతే. ఇంకోటి, ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపండి, గోడ స్విచ్‌తో కాదు. బటన్‌తో ఆపితే హెడ్ తన మూత కిందికి పోయి కూర్చుంటుంది. మధ్యలో కరెంటు లాగేస్తే ఎక్కడిదక్కడే ఆగి ఎండిపోతుంది.

అడిగినవారు (వేళచ్చేరి):
తెల్ల గీతలు పోయాయి అక్కా! అడ్డం అలైన్‌మెంట్‌కే సగం తగ్గాయి, హై స్పీడ్ తీసేశాక భూతద్దం పెట్టినా కనపడలేదు. మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

జవాబు (పెరంబూరు):
అవి ప్రింటర్‌తో పోయేవి కావు. ఫైల్ ఏంటి, జేపెగ్గేనా? బ్లాక్ అండ్ వైట్ చేసేటప్పుడు ఆకాశం ముదురుగా రావాలని బ్లూ స్లైడర్ (నీలం ఉన్నచోట్లు ఎంత ముదురుగా రావాలో మార్చేది) కిందికి లాగారా?

అడిగినవారు (వేళచ్చేరి):
లాగాను, బాగానే లాగాను. జేపెగ్ మీదే చేశాను. రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకముందు దాచిన అసలు ఫైల్) కూడా కార్డులో ఉంది.

జవాబు (పెరంబూరు):
రా ఉంటే బతికిపోయారు. జేపెగ్ అంటే 8 బిట్, నలుపు నుంచి తెలుపుకి మొత్తం 256 మెట్లు. పొగమంచు ఆకాశం అందులో ఏ 30 మెట్లనో వాడుకుంటుంది. మీ ప్రింట్‌లో ఆకాశం ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకోండి. ఒక్కో మెట్టుకి 5 మిల్లీమీటర్లు! ఆ పైన కాంట్రాస్ట్ పెంచితే మెట్ల మధ్య తేడా కూడా పెరుగుతుంది, ఇక కనపడకుండా ఎలా ఉంటుంది? దానికి తోడు జేపెగ్‌లో రంగుల సమాచారాన్ని బాగా కుదించేస్తారు కాబట్టి బ్లూ స్లైడర్ లాగితే గళ్లు గళ్లుగా కూడా తేలుతుంది.

రా ఫైల్ తెరిచి మొదటి నుంచీ 16 బిట్‌లో చేయండి, అందులో మెట్లు చాలా ఎక్కువ. బ్లూ స్లైడర్ జోలికి కొంచెమే వెళ్లండి, ఆకాశం ముదురు కావాలంటే గ్రేడియంట్ మాస్క్‌తో (ముదురు క్రమంగా తగ్గుతూ పోయేలా చేసేది) దించండి. పాత జేపెగ్‌నే 16 బిట్‌లోకి మార్చి లాభం లేదు, పోయిన మెట్లు తిరిగి రావు. చివర్లో సన్నటి గ్రెయిన్ (ఫిల్మ్‌లాంటి పొడి చుక్కలు) కొద్దిగా చల్లండి. స్క్రీన్ మీద 100 శాతంలో కాస్త గరుకుగా అనిపిస్తుంది కానీ ప్రింట్‌లో మెట్ల అంచుల్ని చెరిపేస్తుంది. నా మటుకు నాకు గ్రెయిన్ లేని బ్లాక్ అండ్ వైట్ ఆకాశం ప్లాస్టిక్‌లా ఉంటుంది, అది నా చాదస్తం అనుకోండి.

జవాబు (అంబత్తూరు):
సరే అక్కా, సిరంజి మాట వెనక్కి తీసుకుంటున్నా. బ్లాక్ అండ్ వైటే ఎక్కువ వేసేవాళ్లు ఏ ప్రింటర్ కొనాలి మరి?

జవాబు (పెరంబూరు):
బూడిద ఇంకు విడిగా ఉన్నది. ఎప్సన్ ఎల్8180లో ఒక బూడిద ఉంది. క్యానన్ ప్రో-200లో బూడిద, లేత బూడిద రెండూ ఉన్నాయి, ఎప్సన్ పి700లోనూ అంతే. బూడిదని రంగులతో కలిపి తయారుచేసే పని తగ్గుతుంది కాబట్టి ఒక రంగు తగ్గినా ఎరుపో ఆకుపచ్చో తొంగిచూడటం తక్కువ. అలాగని సంక్రాంతి ఫొటోల కోసం పరుగెత్తి కొనాల్సిన పని లేదు.

అడిగినవారు (వేళచ్చేరి):
రా నుంచి మళ్లీ చేసి వేశాను, ఆకాశం నున్నగా వచ్చింది! ఒక్కటే మిగిలింది. పేజీ చివర, వేలెడు మందం కూడా లేదు, అక్కడ సన్న గీతలు ఉన్నాయి. బార్డర్‌లెస్ వేస్తున్నాను.

జవాబు (పెరంబూరు):
అది అందరికీ ఉండేదే. పేపర్ చివరికి వచ్చేసరికి వెనక రోలర్ వదిలేస్తుంది, ముందు రోలర్లు మాత్రమే పట్టుకుని లాగుతాయి, నడక కొంచెం తడబడుతుంది. పేపర్ వంకర తిరిగి ఉంటే మరీ ఎక్కువ. మన సముద్రపు తేమకి ప్యాకెట్ తెరిచి పెడితే వంకర తిరగడం ఖాయం, జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. బార్డర్‌లెస్ మానేసి నాలుగు వైపులా తెల్ల అంచు వదలండి, అది ఫ్రేమ్ మౌంట్ (ప్రింట్ చుట్టూ పెట్టే అట్ట) కిందికి పోతుంది.

అడిగినవారు (వేళచ్చేరి):
చాలా థాంక్స్ అక్కా. అయితే ఇవాళ రాత్రికే అన్నీ వేసి ఫ్రేముల్లో బిగించేస్తా.

జవాబు (పెరంబూరు):
వేయండి, బిగించకండి. ఒక రోజంతా ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట పరిచి ఆరనివ్వండి. తడి లోపలే ఉండగా అద్దం పెడితే లోపల మసక పడుతుంది, గ్లాసీ అయితే అద్దానికి అతుక్కుపోతుంది కూడా. ప్రింట్‌కీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు పెట్టమని ఫ్రేమ్ షాపతనికి ముందే చెప్పండి.