ఆరుద్ర పురుగు, జెర్రి, రోకలిబండ: ఏది ఏ తరగతి?

సిరోంచ ట్యూషన్:
ఇక్కడి పిల్లలకు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. వర్గీకరణ ప్రాజెక్టుకు ఆరుద్ర పురుగు, జెర్రి, రోకలిబండ, తేలు, ఎండ్రకాయ తెచ్చారు. తడి ఇటుక కింద దొరికే, ముట్టుకుంటే గోలీలా చుట్టుకునే బూడిదరంగు జీవి కూడా ఉంది. అన్నీ ఆర్థ్రోపోడానే (కీళ్ల కాళ్ల జీవులే), సరే. తరగతుల దగ్గరే తికమక. తేలుకు పది కాళ్లంటున్నారు. సీసాల్లో ఎలా దాచాలి?

గోదారి గట్టు:
సార్, ముందు కాళ్లు, తర్వాత మీసాలు చూడమనండి. ఆరు కాళ్లు, ఒక జత మీసాలుంటే కీటకం. ఎనిమిది కాళ్లుండి మీసాలు లేకపోతే అరాక్నిడా: తేలు, సాలెపురుగు, ఆరుద్ర పురుగు. తేలు ముందుండే డెక్కలు పట్టుకోవడానికే, నడకకు కాదు. అవి పెడిపాల్ప్‌లు (నోటి పక్కనుండే అవయవాలు), వాటిని వదిలేస్తే నాలుగు జతలే మిగులుతాయి. ఎండ్రకాయ డెక్కలు మాత్రం నిజంగా మొదటి జత కాళ్లే, అందుకే దానికి పది. పిల్లలు తప్పేది సరిగ్గా ఇక్కడే. ఆరుద్ర పురుగు లార్వాకు (పిల్ల దశకు) మాత్రం ఆరే కాళ్లు, అది వేరే కీటకాలకు అంటుకుని బతుకుతుంది. వాన పడగానే నేల మీదికొచ్చే ఎర్ర మఖమల్‌ది పెద్దది, దానికి ఎనిమిది.

జెర్రికి ఖండానికి ఒక జత కాళ్లు. తల కింద కనిపించేవి విషపు గోళ్లు, అవీ మొదటి జత కాళ్లు మారి ఏర్పడినవే. రోకలిబండకు చాలా ఖండాలకు రెండేసి జతలుంటాయి. ముందు నాలుగు ఖండాలు చూసి మోసపోవద్దు: మొదటిదానికి కాళ్లే ఉండవు, తర్వాతి మూడింటికి ఒక్కో జతే.

చెట్టు నీడ:
గోలీలా చుట్టుకునేవి రెండు రకాలు, వెల్లకిలా తిప్పి లెక్కపెట్టండి. మొత్తం ఏడు జతలే ఉంటే అది క్రస్టేషియా, ఎండ్రకాయకు చుట్టం. అంతకన్నా చాలా ఎక్కువుంటే చుట్టుకునే రకం రోకలిబండ.

ల్యాబ్ అటెండర్:
ఫార్మలిన్ (నమూనాలు పాడవకుండా వాడే ఘాటు రసాయనం) వద్దు, కీళ్లు బిగుసుకుని కాళ్లు పుటుక్కున విరుగుతాయి. పైగా పిల్లల కళ్లు, ముక్కులు మండుతాయి. 95 శాతం ఆల్కహాల్ 70 మి.లీ. తీసుకుని, మొత్తం 95 మి.లీ. అయ్యేదాకా నీళ్లు కలిపితే 70 శాతం వస్తుంది. ఒంట్లో నీళ్లు కలిసి పలచబడుతుంది గనుక మర్నాడు మార్చండి. ఆరుద్ర పురుగు ఎరుపు అందులో వెలిసిపోతుంది. తెల్లకాగితం మీద స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి వదిలేయడం మేలు. రోకలిబండను పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోనివ్వకండి, దాని రసం చర్మానికి మరకంటుతుంది, కంట్లో పడితే మంట. తేలు జోలికి పిల్లల్ని అసలు పోనీయకండి. చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

సిరోంచ ట్యూషన్:
ధన్యవాదాలండి. గొంగళిపురుగుకు 16 కాళ్లు లెక్కేశాడొకడు. అదీ కీటకమేనా?

గోదారి గట్టు:
కీటకమే. ఛాతీ దగ్గరి మూడు జతలే కీళ్లున్న అసలు కాళ్లు. వెనకవి మెత్తటి కండ బొడిపెలు, చివర్లో చిన్న కొక్కేలుంటాయి. సీతాకోకచిలుక అయ్యాక అవి ఉండవు.