సమస్యాపూరణం: రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు

నిర్వాహకుడు

ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో ఒక పాదం. ఇది నాలుగో పాదంగా, అర్థం పొసిగేలా మిగతా మూడూ మీరు రాయాలి.

*రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు*

రాముడిది త్రేతాయుగం, అర్జునుడిది ద్వాపరం. ఒకరి మొహం ఒకరు చూసే వీలే లేదు, ఇంక చంపడమేమిటి? చిక్కంతా పేర్లలో ఉంది. రాములు ముగ్గురు: జమదగ్ని కొడుకు, దశరథుడి కొడుకు, రోహిణి కొడుకు. అర్జునులు ఇద్దరు: కృతవీర్యుడి కొడుకు, కుంతి కొడుకు. గుట్టు నేనే విప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది తెలియని వాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. నేను చూసేది వేరు. ఏ రాముడో, ఏ అర్జునుడో పద్యం ఎన్ని తక్కువ మాటల్లో పట్టిచ్చింది అన్నదే ఈ వారం లెక్క. 'పరశురాముడు', 'కార్తవీర్యుడు' అని చీటీ అంటించినట్టు రాస్తే పూరణ అవుతుంది గానీ రుచి ఉండదు.

తేటగీతికి ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలోని యతిస్థానపు అక్షరంతో మైత్రి) తప్పనిసరి, దాని బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వేసుకోవచ్చు. ఫోన్‌లో అరసున్న (ఁ) కొట్టడం కష్టమైతే వదిలేయండి. 'కలగంటి', 'నాటకంలో చూస్తి' అనే పూరణలు మాత్రం ఈసారికి వద్దు.

తాతగారి పెట్టె

హోమధేనువుఁ గొనిపోవ నుగ్రుఁ డగుచు
వేయిచేతుల హైహయవిభునిపైకి
గొడ్డలినిఁ బూని జమదగ్నికొడుకు కదలి
రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు.

నిర్వాహకుడు

బోణీ బాగుంది. 'హో'కి 'ఉగ్రుఁడు'లోని ఉకారంతో యతి చక్కగా కుదిరింది. ధార ఎక్కడా తడబడలేదు.

కానీ పెద్దాయనా, ఆనవాళ్లు ఎక్కువయ్యాయి. ఆవు, వేయి చేతులు, గొడ్డలి, పైగా తండ్రి పేరు. రెండో పాదానికే ఎవరో తెలిసిపోయింది. మూడో పాదం పనిలేకుండా నిలబడింది.

ఒక మెచ్చుకోలు కూడా ఉంది. తండ్రిని చంపినందుకు పగబట్టి అర్జునుణ్ణి చంపాడని చాలామంది రాసేస్తారు. కథలో వరుస అది కాదు. ముందు ఆవు గొడవ, దాంతో అర్జునుడి చావు. ఆ పగతో అతని కొడుకులు ఆశ్రమానికి వచ్చి జమదగ్నిని చంపారు. ఇరవై ఒక్కసార్ల దండయాత్ర ఆ తర్వాతి సంగతి. మీరు ఆవు దగ్గరే ఆగారు, అది సరైన చోటు.

చంపకమాల

చిన్న సందేహం. భారతంలో ఎత్తుకుపోయింది హోమధేనువు దూడను కదా? ఆవును కాదు.

నిర్వాహకుడు

నిజమే, అరణ్యపర్వంలో దూడే. తల్లి అరుస్తుండగా లాక్కుపోతాడు. భాగవతంలో ఆవునూ దూడనూ కలిపి తోలుకుపోయారు. ఈ పద్యం భాగవతం వైపు నిలబడింది కాబట్టి దోషం కాదు.

కొత్తపద్యం

నేను ఈ మధ్యే గణాలు (గురులఘువుల లెక్క) నేర్చుకున్నాను. దిద్దగలరు.

అర్జునుండను పేరున నిద్దరుండ
పాండుసుతుఁడని మీరేల బాధపడఁగ?
కార్తవీర్యుఁడు వేఱయా కలఁడు, వినుఁడు,
రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు.

నిర్వాహకుడు

గణాలన్నీ సరిపోయాయి, ముందు అది సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. 'అ'కి ఎదురుగా 'ఇద్దరు'లోని ఇకారం పడింది, ఆ రెండింటికీ మైత్రి లేదు. ఇలా మార్చి చూడండి:

*అర్జునుం డొక్కరుం డని యనఁగ నగునె?*

భావం కూడా కాస్త ఎత్తుకుంటుంది. ఇక మూడో పాదంలో పేరు చెప్పేశారు. రెండో పాదంలో 'మీరేల బాధపడఁగ' అని వినేవాడి మనసులోని తికమకను పట్టుకున్నారు చూడండి, అది నాకు నచ్చింది. పాండవ పక్షపాతులందరి తరఫునా అడిగినట్టుంది.

పాలమూరు పోరడు

సెలవురోజునఁ బిల్లలు సెల్లుఫోను
పట్టి పోటీకి దిగి పెద్ద పందెమాడ
నన్న తమ్ముని గెలిచినాఁ డదిగొ చూడు!
రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు.

మా ఇంట్ల రోజూ ఇదే లొల్లి సార్. పురాణం దాకా ఎందుకు?

నిర్వాహకుడు

నవ్వించారు. నడక చాలా సహజంగా ఉంది. 'ఆడన్ + అన్న' సంధి కూడా పద్ధతిగా చేశారు. చాలామంది అక్కడ వదిలేస్తారు.

అయితే అన్న పేరు రాముడనీ, తమ్ముడి పేరు అర్జునుడనీ పద్యంలో ఎక్కడుంది? ఊళ్లో ఎవరికైనా ఏ పేరైనా ఉండవచ్చు అనుకుంటే ఇక సమస్యే లేదు. భీముడు కృష్ణుణ్ణి కొట్టాడన్నా, సీత రావణుణ్ణి పెళ్లాడిందన్నా పక్కింటి వాళ్ల మీదికి నెట్టేయొచ్చు. పేరున్న వాళ్ల మధ్యనే తికమక పుట్టాలి, వాళ్ల చరిత్రలోంచే అది విడిపోవాలి.

పాలమూరు పోరడు

మరి అర్జున వృక్షం తీసుకుంటే? తెల్లమద్ది చెట్టును రాముడనేటోడు నరికిండు అని.

నిర్వాహకుడు

చెట్టు అయితే 'అర్జునము' అవుతుంది. 'అర్జునుఁ జంపెను' అన్నప్పుడు మనిషే కావాలి, చెట్టుకు ఆ రూపం చెల్లదు. మద్దిచెట్ల కథ ఉన్నమాట నిజమే గానీ, ఆ యమళార్జునాలను కూల్చింది తమ్ముడు కృష్ణుడు, అన్న రాముడు కాదు. అటు వెళ్లినా దారి మూసుకుపోయింది.

చంపకమాల

నాది క్రమాలంకారంలో. ప్రశ్నలు మూడు పాదాల్లో, జవాబులు అదే వరుసలో నాలుగో పాదంలో.

రావణునిఁ గూల్చినట్టి యా రాజెవండు?
బభ్రువాహనుఁ డొనరించు పని యదేమి?
వీరుఁ డాశించు కీర్తిని వెదకు నెచట?
రాముఁ, డర్జునుఁ జంపెను, రణమునందు.

నిర్వాహకుడు

అమ్మా, ఇది అసలు ఊహించలేదు. అందరం పేరు పక్కన ఇంకో పేరును వెతుకుతుంటే మీరు వాక్యాన్నే మూడు ముక్కలు చేశారు. రాముడు అయోధ్య రాముడే, అర్జునుడు కుంతి కొడుకే, అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. అశ్వమేధపు గుర్రం వెంట మణిపురం వెళ్లిన అర్జునుడు సొంత కొడుకు బభ్రువాహనుడి చేతిలో పడిపోవడం, ఉలూపి మణితో బతకడం భారతంలో ఉన్నదే.

ఒక్క చోటే అతుకు కనిపిస్తోంది. 'పని ఏమి?' అని అడిగితే 'చంపుట' అని జవాబు రావాలి. 'చంపెను' అని రావాలంటే ప్రశ్న 'ఏమి చేసెను?' అని ఉండాలి. రెండో పాదాన్ని ఇలా చేస్తే?

*చిత్రవాహను మనుమఁడు చేసె నేమి?*

చిత్రవాహనుడు చిత్రాంగద తండ్రి, మణిపురపు రాజు. బభ్రువాహనుడు ఆయన వారసుడిగానే పెరిగాడు కాబట్టి తాత పేరుతో పిలవడం బాగానే ఉంటుంది.

చంపకమాల

ప్రశ్న సరిపోయింది గానీ, బభ్రువాహనుడి పేరు పోయింది. చిత్రవాహనుడంటే ఎంతమందికి తెలుస్తుంది? నా పాదమే ఉంచుకుంటాను, 'పని' దగ్గర ఇంకోలా ప్రయత్నిస్తాను.

నిర్వాహకుడు

ఆ మాటలో న్యాయం ఉంది.

కృష్ణాతీరం

దశముఖునిఁ జెఱఁబెట్టిన ధన్యుఁ డతఁడు
రామునకుఁ జాపమిచ్చిన రాముఁ డితఁడు
పోరి రిరువురు నర్మద పొంగుచుండ
రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు.

నిర్వాహకుడు

ఇదీ నేను అడిగింది. గొడ్డలి లేదు, ఆవు లేదు, తండ్రి పేరు లేదు. అతనికో పాదం, ఇతనికో పాదం. రావణుణ్ణి పట్టి మాహిష్మతిలో కట్టిపడేసిన అర్జునుడు ఒక్కడే. రావణుడి తాత పులస్త్యుడు వచ్చి అడిగితే గానీ వదల్లేదు. ఆ ఊరి పేరు ఇప్పుడు సినిమా పుణ్యమా అని పిల్లలక్కూడా తెలుసు, నర్మద ఒడ్డున ఉన్న ఊరని మాత్రం తెలియదు. 'రామునకుఁ జాపమిచ్చిన రాముఁడు' అనడంలో సమస్యలోని చిక్కునే విప్పడానికి వాడుకున్నారు. రావణుణ్ణి కట్టేసినవాణ్ణి చంపిన రాముడు, రావణుణ్ణి చంపబోయే రాముడి ముందు తగ్గి విష్ణుధనుస్సు ఇచ్చేశాడు. ఆ వరుసంతా రెండు పాదాల వెనక వినిపిస్తోంది.

రెండు సవరణలు. 'ధన్యుఁడు' యతి కోసం వచ్చినట్టుంది, 'దర్పి యతఁడు' అంటే స్వభావం కూడా తెలుస్తుంది. రెండోది కాలం. నర్మద ఒడ్డున పోరాటం ముందు, విల్లు ఇవ్వడం ఎంతో తర్వాత. కాబట్టి 'చాపమిచ్చిన' కుదరదు. 'చాప మీఁగల (విల్లు ఇవ్వబోయే) రాముఁ డితఁడు' అనాలి.

కృష్ణాతీరం

దర్పి బాగుంది, తీసుకుంటున్నాను. కానీ 'చాపమీఁగల' అని చదివితే ఈ కాలం వాళ్లు చాప మీద ఈగలు అనుకుంటారు సార్!

నిర్వాహకుడు

హహ. విడదీసి రాయండి, అరసున్న మానకండి.

తాతగారి పెట్టె

ఈ రాముల గోల కొత్తది కాదు. గీత పదో అధ్యాయంలో 'రామః శస్త్రభృతామహం' అన్నదానికి శంకరులు దాశరథి అని భాష్యం చెప్పారు. ఆయుధం పట్టిన రాముడంటే భార్గవుడే, అంటే పరశురాముడే కావాలనే వాళ్లూ ఉన్నారు.

అర్జునుల సంగతీ అంతే. మా ఇంట్లో తాళంచెవి పోతే 'కార్తవీర్యార్జునో నామ' అనుకుంటూ వెతుకుతాం. ఉరిమితే 'అర్జున, ఫల్గుణ' అని రెండో ఆయన్ను తలుచుకుంటాం. వస్తువు పోతే ఒక అర్జునుడు, పిడుగు పడితే ఇంకొకడు. పంపకం ఎవరు చేశారో గానీ, ఇంతవరకూ ఎవరూ పొరబడలేదు.

వంశధార

ఆలస్యంగా వచ్చాను. మా వైపు కొండను కలిపి రాశాను.

తమ్ముఁ డింద్రునికడ నుండ ధర్మజునకు
నా మహేంద్రాద్రి నకృతవ్రణాఖ్యుఁ డనియె
నుల్కిపడఁ గృష్ణ భీముఁడు నొక్కసారి:
"రాముఁ డర్జునుఁ జంపెను రణమునందు."

నిర్వాహకుడు

రెండుసార్లు చదివాను. మిగతా పూరణలన్నీ 'ఆ అర్జునుడు కాదు' అని వినేవాణ్ణి ఊరడించాయి. ఇది ఆ పొరపాటును పాండవుల చేతనే చేయించింది.

సందర్భం తెలియని వారికోసం చెబుతాను. అరణ్యపర్వంలో అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లి ఇంద్రుడి దగ్గర ఉండిపోతాడు. మిగిలిన వాళ్లు తీర్థయాత్రకు బయలుదేరి, కళింగం దాటి మహేంద్రగిరికి వస్తారు. అక్కడ పరశురాముడి శిష్యుడు అకృతవ్రణుడు ఉంటాడు. గురువుగారి దర్శనం చతుర్దశికీ అష్టమికీ అవుతుందని చెప్పి, ధర్మరాజు అడిగితే ఆయన కథ వినిపిస్తాడు. ఆ కథలో అర్జునుడి చావు వస్తుంది. తమ్ముడు ఎలా ఉన్నాడోనని దిగులుతో ఉన్న వాళ్లకు ఆ వాక్యం ఎలా వినపడి ఉంటుంది? ఉలికిపాటు వ్యాసుడు రాయలేదు, అది ఈ కవి కల్పన. అయినా ఆ చోటును చూసిన కన్ను గొప్పది. మీరు ఆనవాలు ఒక్కటీ ఇవ్వలేదు. చోటు చెప్పారు, చెప్పినవాడి పేరు చెప్పారు, అంతే.

'కృష్ణ' అని ద్రౌపదిని పిలవడం కూడా ఊరికే పడిన మాట కాదనుకుంటాను. తొందరలో చదివిన వాడికి అక్కడ ఇంకో పేరు తికమక.

కొత్తపద్యం

'వ్రణాఖ్యుఁడు' దగ్గర యతి ఎలా సార్?

నిర్వాహకుడు

'వ్రణ + ఆఖ్యుఁడు' సంధిలో 'ఆ' ఉంది. పాదం మొదట 'ఆ మహేంద్రాద్రి'లోని ఆకారానికి దానితో మైత్రి. మొదటి 'న' ద్రుతం (ముందు మాట చివరి నకారం) వల్ల వచ్చింది.

పాలమూరు పోరడు

ఒక్క మాట. పాండవులకు రాముడంటే ఎవరు? వాళ్ల బావ బలరాముడే గదా. భీముడు ఉలికిపడ్డది అర్జునుడు చచ్చిండని కాదు, చంపింది మనోడేనా అని కూడా కావచ్చు.

వంశధార

ఇది నాకు తట్టలేదు! భారతంలో బలరాముణ్ణి ఉత్త 'రాముడు' అనే ఎన్నోచోట్ల అంటారు. పైగా అదే యాత్రలో కొంత ముందుకెళ్తే ప్రభాస తీర్థంలో ఆ రాముడే ఎదురొస్తాడు, కృష్ణుడితో కలిసి.

చంపకమాల

అయితే మూడో పాదంలో భీముడి బదులు ఇంకొకరు ఉండాలి. బలరాముడి దగ్గర గద నేర్చినవాడు భీముడు. గురువు మీద అంత తొందరగా అనుమానపడతాడా?

వంశధార

భీముడు కాబట్టే తొందరపడతాడమ్మా. ఆలోచించేవాడైతే ధర్మరాజులా ఊరుకుంటాడు. అందుకే ఆయన్ని ఉలికిపడే వాళ్లలో కలపలేదు.

అన్నట్టు, మహేంద్రగిరి మా శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉంది, సుమారు 1,500 మీటర్ల ఎత్తు. పైన ధర్మరాజు పేరుతో, భీముడి పేరుతో, కుంతి పేరుతో పాత గుళ్లున్నాయి. అర్జునుడి పేరుతో గుడి గురించి అడక్కండి, పద్యం ప్రకారం ఆయన ఆ రోజు ఊళ్లో లేడు.

నిర్వాహకుడు

ఈ వారం మొదటి పూరణ వంశధార గారిది, దాని వెంటనే కృష్ణాతీరం గారిది. పోరడు గారి పద్యం కన్నా వ్యాఖ్య బాగుంది, దాన్ని ఆయన పద్యంగా రాసి పంపితే సంతోషిస్తాను.

ద్రౌపది పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి వచ్చే వారానికి కృష్ణులనే తీసుకుందాం. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి చెప్పిన తన పది పేర్లలో కృష్ణ కూడా ఒకటని గుర్తుంటే చాలు.

*కృష్ణురథమునుఁ దోలెను కృష్ణుఁ డలరి*

షరతు ఒకటే. అర్జునుడి మిగతా తొమ్మిది పేర్లలో ఏదీ పద్యంలో రాకూడదు, పార్థుడు కూడా కుదరదు. ఆదివారం రాత్రి వరకు సమయం.