రోడ్డు మరణాల్లో ‘అతివేగం’ వాటా నిజంగా 71 శాతమేనా?

మైలురాయి:
కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. మరుసటి ఏడాది మరణాలు 1,72,890కి చేరాయి. 2022 మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని ఆ శాఖ నివేదికే చెబుతోంది. అయినా ఎక్కడ ప్రమాదం జరిగినా మనం ముందుగా గుంతను, మలుపును, కాంట్రాక్టరును తిడతాం గానీ స్పీడోమీటరు ముల్లు ఎక్కడుందో అడగం. మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2019 సెప్టెంబరు 1 నుంచి హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, తాగి నడిపితే 10,000 రూపాయలు జరిమానా అన్నారు. గుజరాత్ వంటి రాష్ట్రాలు కొన్ని జరిమానాలను ఆ నెలలోనే తగ్గించుకున్నాయి. లోపం చట్టంలో లేదు, అమలులో ఉంది. ఉన్న డబ్బు ముందుగా వేగాన్ని పట్టే కెమెరాలకు, రాత్రి తనిఖీలకు ఖర్చు చేయాలన్నది నా వాదన. విభేదించేవారు కారణాలతో రాయాలని మనవి.

పాత ఓవర్సీరు:
మైలురాయి గారూ, మీరు చెప్పిన 71 శాతం ఏ గదిలో, ఎవరి చేతిలో పుడుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను. రోడ్ల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ప్రమాదం జరిగిన మర్నాడు ఎస్సై గారి పక్కన టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎఫ్ఐఆర్‌లో ఒక వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: “సదరు డ్రైవరు తన వాహనాన్ని అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుకుంటూ వచ్చి...” ఈ వాక్యం లేకపోతే కేసు నిలబడదు. పూర్వం ఐపీసీ 304-ఎ కింద, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106 కింద కేసు కట్టాలంటే నిర్లక్ష్యం కనిపించాలి. చనిపోయినవారి కుటుంబానికీ ఆ వాక్యమే కావాలి, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పరిహారం కోరేవారు ఎదుటి డ్రైవరు తప్పును చూపించాల్సి ఉంటుంది. అంటే వేగాన్ని ఎవరూ కొలవకపోయినా అతివేగం అని రాయడంలో అందరికీ మేలే ఉంది. దేశంలో ఉన్న వేలాది పోలీసు స్టేషన్లలో ఇలా నిండిన ‘కారణం’ గడులన్నీ కూడితే వచ్చేదే మీ శాతం. దాన్ని కొలతగా కాక, ఒక రాత అలవాటుగా చదవాలి.

లెక్కల మాస్టారు:
కారణాల పట్టికను పక్కన పెట్టి, మొత్తం అంకెలనే ఒకసారి చూద్దాం. 2015లో 5,01,423 ప్రమాదాలు, 1,46,133 మరణాలు, 5,00,279 మంది క్షతగాత్రులు నమోదయ్యారు. 2023లో ప్రమాదాలు 4,80,583, క్షతగాత్రులు 4,62,825. కానీ మరణాలు 1,72,890. ఎనిమిదేళ్లలో వాహనాలు అంతగా పెరిగినా ప్రమాదాలు తగ్గాయట, గాయపడినవారు తగ్గారట, చనిపోయినవారు మాత్రం పెరిగారట! నూరు ప్రమాదాలకు 29 మరణాలు ఉండేవి, 36 అయ్యాయి. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. మన రోడ్లు వెడల్పై, వాహనాలు బలిసి, జరిగే ప్రతి ఢీ మునుపటికంటే ప్రాణాంతకం అయిందన్నది ఒకటి. ఇది మైలురాయి గారికి అనుకూలం. కాలు విరిగిన కేసులు స్టేషను గడప తొక్కకుండా ఊరి పెద్దల దగ్గరో, ఆసుపత్రి బిల్లు దగ్గరో ముగిసిపోతున్నాయన్నది రెండోది. శవాన్ని దాచలేం గనుక మరణాల అంకె కొంత నమ్మదగింది. అదైనా పూర్తి కాదు: 2016కు ప్రభుత్వం 1,50,785 మరణాలు చూపితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దాదాపు 3 లక్షలు. క్షతగాత్రుల అంకెను పట్టుకుని పరిస్థితి మెరుగుపడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంకొక్క మాట. 2020లో లాక్‌డౌన్ వల్ల రోడ్లు ఖాళీ అయ్యాయి, మొత్తం మరణాలు తగ్గాయి. కానీ నూరు ప్రమాదాలకు మరణాలు అంతకు ముందు ఏడాదికంటే పెరిగాయి. ఖాళీ రోడ్డు మీద మనిషి పాదం ఏం చేస్తుందో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు.

మైలురాయి:
ఓవర్సీరు గారి సాక్ష్యాన్ని గౌరవిస్తాను. ఆ వాక్యం నేనూ చదివాను. అయితే గడి తప్పుగా నిండినంత మాత్రాన వేగం ప్రాణం తీయడం మానదు. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగు రెట్లవుతుంది; దీనికి ఎస్సై గారి సంతకం అవసరం లేదు. మాస్టారి అంకెలు కూడా నా వైపే మొగ్గుతున్నాయి. ఇటువంటి దేశంలో 2018లో నాలుగు వరుసల రహదారుల మీద కార్ల గరిష్ఠ వేగాన్ని 100 కిలోమీటర్లకు పెంచుతూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది; మద్రాసు హైకోర్టు 2021లో దాన్ని కొట్టివేయాల్సి వచ్చింది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద 2023లో 100ను 120 చేశారు. ఇక హెల్మెట్ సంగతి చూడండి. 2022లో హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది, సీటు బెల్టు లేక మరణించినవారు 16,715 మంది. ఇందులో రోడ్డు చేసిన తప్పేమిటి?

నూటెనిమిది:
అంబులెన్సులో పనిచేసేవాణ్ణి, హెల్మెట్ గురించే రాస్తాను. మేము వెళ్లేసరికి హెల్మెట్ చాలాసార్లు మనిషికి ఇరవై అడుగుల దూరంలో పడి ఉంటుంది, చెక్కుచెదరకుండా. గడ్డం కింద పట్టీ బిగించి ఉండరు. పోలీసును చూసి నెత్తిన పెట్టుకున్నది, మలుపు తిరగగానే మళ్లీ పెట్రోలు ట్యాంకు మీదికి వస్తుంది. ఆ మనిషి ఏ లెక్కలోకి వస్తాడు? పెట్టుకున్నట్టా, పెట్టుకోనట్టా? జరిమానా తలకు హెల్మెట్ తెచ్చింది గానీ పట్టీ బిగించలేదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోసే అలవాటు కూడా పోలేదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి చేసే నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు. 2025లో వచ్చిన పథకం కింద ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు లేని చికిత్స ఉందన్న సంగతి క్షతగాత్రుల బంధువుల్లో తెలిసినవారు నాకు అరుదుగా కనిపించారు.

లారీ బంధువు:
మా ఇంట్లో రెండు లారీలున్నాయి. ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు గుద్దితే కారు అతివేగం అని రాస్తారు. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగిందో ఎవరూ రాయరు. పదిహేను గంటలు నడిపిన డ్రైవరుకు పక్కకు తీసి పడుకునే చోటు కనుచూపు మేరలో ఉండదు. వెనక రిఫ్లెక్టర్ స్టిక్కరు మట్టి కొట్టుకుపోయి ఉండటం మా తప్పే, ఒప్పుకుంటాను.

పాత ఓవర్సీరు:
మైలురాయి గారు నన్ను వేగానికి వకాల్తా పుచ్చుకున్నవాడిగా అనుకోవద్దు. నా అభ్యంతరం ఒక్కటే: ఒక ప్రమాదానికి ఒకే కారణం రాయమనే పద్ధతి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ఏం జరిగిందో మనమంతా చదివాం. మద్యం తాగిన వ్యక్తి నడిపిన బైకు ముందే జారిపడింది, ఆ బైకు చీకట్లో రోడ్డు మీద ఉండిపోయింది, బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, లోపలివారికి బయటపడే దారి దొరకలేదు. బస్సులోనే 19 మంది పోయారు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కల్వర్టు గోడను కొట్టి కాలిపోయినప్పుడు 45 మంది పోయారు. ఈ రెంటినీ ఏ గడిలో వేస్తారు? మద్యమా, వేగమా, కల్వర్టు గోడా, బస్సు తలుపా? ఒక్కటి రాసి మిగతా మూడింటిని వదిలేస్తే ఆ మూడింటికి బాధ్యులు ఇంటికి వెళ్లి పడుకుంటారు. దేశం మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు 2 శాతమే, 2022 మరణాల్లో వాటి వాటా మాత్రం 36.2 శాతం. అదే డ్రైవరు, అదే అజాగ్రత్త. రోడ్డు మారేసరికి చావు ఇంతగా ఎందుకు పెరిగింది? రోడ్డు రూపకల్పనలో లోపానికి కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని మోటారు వాహనాల చట్టం 198-ఎ సెక్షన్ చెబుతోంది. కోట్ల రూపాయల పనికి లక్ష!

నేను పనిచేసిన ఒక చోటు చెబుతాను. నాలుగు వరుసల రోడ్డు వచ్చి ఊరిని రెండుగా కోసింది. పాల కేంద్రం ఇటు, పశువుల పాకలు అటు. యూటర్న్ మూడు కిలోమీటర్ల అవతల. పొద్దున అయిదింటికి పాలక్యాను హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చే మనిషి ఆరు కిలోమీటర్లు చుట్టి వెళ్తాడా? డివైడర్‌లో రెండు రాళ్లు పీకారు, బైకు పట్టేంత సందు చేశారు. మూడేళ్లలో అక్కడ జరిగిన ప్రమాదాలు అయిదు దాటాక గాని, 500 మీటర్ల ఆ ముక్కకు బ్లాక్‌స్పాట్ (పదేపదే ప్రమాదాలు జరిగే చోటు) అన్న పేరు రాలేదు.

మైలురాయి:
71 శాతాన్ని ఇకపై కారణాల వాటాగా ఉటంకించను. పోలీసు నమోదు అని రాస్తాను. అయితే మీరు చెప్పిన ఊరి సందు దగ్గర ఎవరైనా చనిపోతే దానికి సందు ఎంత కారణమో, అటు నుంచి 110లో వచ్చిన కారు కూడా అంత కారణమే. ఊరికి ముందూ వెనకా రెండు కెమెరాలు పెట్టి సగటు వేగం లెక్కగట్టి చలానా పంపితే మీకేమైనా అభ్యంతరమా? ఇంతకీ ఆ సందు మూశారా?

పాత ఓవర్సీరు:
కెమెరాలకు నాకు అభ్యంతరం లేదు, ముందే పెట్టి ఉండాల్సింది. సందును రెండుసార్లు కాంక్రీటుతో మూయించాను, రెండుసార్లూ నెల తిరక్కుండా తెరుచుకుంది. తర్వాత కింద నుంచి అండర్‌పాస్ కట్టారు. అది పల్లంలో ఉండటం వల్ల వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నాలుగు నెలలు గేదెలు కింద నుంచి వెళ్తాయి, మనుషులు పైనుంచే దాటుతారు.