మామిడి చెట్ల మధ్య పసుపు, కంద, గట్టు చుట్టూ వాక్కాయ: కుదురుతుందా?

రెండెకరాలు:
నూజివీడు దగ్గర మాకు రెండెకరాల బంగినపల్లి తోట ఉందండి, నాన్న వేసింది. పన్నెండేళ్ళ చెట్లు, 10 మీటర్ల ఎడం, ఎర్ర గరప నేల. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వెళ్ళొస్తుంటా. ఏటా మామిడి మీద వచ్చేది ఒక్క కాపే, అదీ ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు మొహం చాటేస్తుంది. సాళ్ళ మధ్య ఖాళీ చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది, గడ్డి కోయించడానికే డబ్బులు పోతున్నాయి.

అందుకే ఈసారి మధ్యలో సగం పసుపు, సగం కంద వేద్దామని, చుట్టూ గట్టు మీద వాక్కాయ వేస్తే కంచెకి కంచె, కాయకి కాయ అవుతుందని అనుకుంటున్నా. బోరు ఉంది, డ్రిప్ ఉంది. మిగిలిన వాక్కాయ మొక్కలు చెట్ల సందుల్లో కూడా పెట్టేయొచ్చా? తూర్పు వైపు బోరు పక్కన ఒక వరస సపోటా, పది కొబ్బరి చెట్లు కూడా ఉన్నాయి, అవి ఇంటి వాడకానికే. నాన్న మాత్రం "దుంపలేస్తే మామిడి పోద్దిరా" అంటున్నారు, ఎందుకో అడిగితే చెప్పరు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పసుపుకొమ్ము:
మీ నాన్నగారు ఎందుకన్నారో నేను చెప్తా, ఎందుకంటే ఆ తప్పు నేను చేశా. పసుపుకి నీడ పర్వాలేదు, పాక్షిక నీడలో బాగానే వస్తుంది, అందరూ చెప్పేది అదే, నిజమే కూడా. కానీ గొడవ నీడతో కాదు, నీళ్ళతో.

జూన్‌లో పెడితే పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. దుంప ఊరేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అప్పుడు తడి ఆపితే కొమ్ములు సన్నబడిపోతాయి. మామిడికి సరిగ్గా అప్పుడే నీళ్ళు ఆపాలి! పూతకి ముందు రెండు మూడు నెలలు చెట్టు ఎండలో మాడాలి, అప్పుడే పూమొగ్గ కడుతుంది. తడి తగిలిందంటే పూతకి బదులు చిగురు వస్తుంది. నేను నవంబరంతా పసుపుకి వారానికోసారి తడి ఇచ్చా. సంక్రాంతికి ఊళ్ళో తోటలన్నీ పూతతో ఉంటే మావి మాత్రం రాగి రంగు లేత ఆకులతో నిగనిగలాడుతున్నాయి. దారిన పోయేవాళ్ళు "అబ్బ ఎంత బాగున్నాయో చెట్లు" అంటుంటే నాకు కడుపు రగిలిపోయింది. పసుపు మీద వచ్చిన డబ్బు మామిడి మీద పోయినదాంట్లో సగం కూడా లేదు.

కాసే మామిడి తోటలో పసుపు వద్దు. చిన్న మొక్కలప్పుడు, కాపుకి రాని నాలుగైదేళ్ళు అయితే ఏదైనా వేసుకోండి.

గోదారిగట్టు:
పై అన్న చెప్పింది అక్షరాలా నిజం. అయితే కందని కూడా అదే గాటన కట్టకండి. మాది కొవ్వూరు దగ్గర, కొబ్బరిలో, అరటిలో కంద మా తాతల నాటి నుంచి వేస్తున్నాం. దురద తక్కువగా ఉండే గజేంద్ర రకం మా కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిందే.

కంద మే మొదట్లో ఒక తడి ఇచ్చి నాటేయండి, వానలు వచ్చేసరికి మొలక మీద ఉంటుంది. చుట్టేసిన గొడుగులా పైకి లేచి విచ్చుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది లెండి. ఏడెనిమిది నెలలు. నవంబర్‌కి ఆకు పండి కాడ వాలిపోతుంది, దానికి అప్పుడు నీళ్ళు అక్కర్లేదు, మీ మామిడికీ అక్కర్లేదు. పైగా తవ్వేసిన దుంప నీడలో ఆరబెట్టి ఉంచుకోవచ్చు, రేటు లేకపోతే కొన్ని వారాలు ఆగొచ్చు.

విత్తనం దగ్గరే ఖర్చంతా. ముక్క అరకేజీ ఉండాలి, దుంపని పుచ్చకాయ కోసినట్టు నిలువుగా కోయాలి, ప్రతి ముక్కకీ నడిమి మొగ్గలో కొంచెమైనా అంటి ఉండాలి, లేకపోతే ఆలస్యంగా మొలుస్తుంది. మొత్తం పొలంలో మూడడుగుల ఎడంతో వేస్తే ఎకరానికి ఐదు వేల ముక్కలు దాకా పడతాయి, అంటే రెండున్నర టన్నుల విత్తనం. మీకు సాళ్ళ మధ్యే కాబట్టి అందులో సగం కూడా పట్టదు. కోసిన ముక్కల్ని పేడ నీళ్ళలో ట్రైకోడెర్మా (కుళ్ళుని ఆపే మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపి ముంచి, నీడలో ఆరనిచ్చి నాటండి. నీళ్ళు నిలిచే చోట పెట్టారో మొదలు కుళ్ళి కాడ అడ్డంగా పడిపోతుంది, తర్వాత ఏం పోసినా లాభం లేదు.

ఇంకోటి, మామిడి కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో అంత మేరా కింద గునపం పెట్టొద్దు. మీరు తవ్వేది సరిగ్గా పూతకి ముందు, పీచు వేళ్ళు తెగితే చెట్టుకి దెబ్బే. మీ నాన్నగారి భయం బహుశా ఇది కూడా అయ్యుంటుంది. పన్నెండేళ్ళ చెట్లంటే సాలు నడుమ మూడు వరసలకి మించి పట్టవు, ఆశపడకండి.

ముళ్ళకంచె:
వాక్కాయ సంగతి నేను చెప్తానండి, మా ఇంటాయన నిమ్మతోట చుట్టూ నేనే పెంచా. నర్సరీలో కొనాల్సిన పని లేదు. బాగా పండి నల్లబడ్డ కాయలు ఆగస్టు, సెప్టెంబర్‌లో దొరుకుతాయి, పిసికి గింజ కడిగి రెండు రోజులు నీడలో ఆరబెట్టి వెంటనే కవర్లలో పెట్టేయాలి. దాచి వచ్చే ఏడు పెడదామంటే మొలవవు, నేను ఒక డబ్బా నిండా అలా పోగొట్టుకున్నా. ఏడాది మొక్కని వానాకాలంలో మూడడుగులకొకటి నాటండి. మూడో ఏటికి కాయ కనిపిస్తుంది, కంచెలా దట్టంగా అల్లుకోవడానికి మాత్రం నాలుగైదేళ్ళు పడుతుంది, ఏటా తలలు కత్తిరిస్తేనే.

చెట్ల సందుల్లో మాత్రం వద్దండి బాబూ. నీడలో అది సాగిపోయి పెరుగుతుంది కానీ కాయదు, దానికి ఎండ కావాలి. ముల్లు చూశారా, జంట జంటగా ఉంటుంది, గుండుసూది కంటే గట్టిది, కత్తిరించిన కొమ్మ ఒకటి గడ్డిలో ఉండిపోతే చెప్పులోంచి దిగుతుంది. మామిడికాయ కోసేవాళ్ళు కింద తిరగాలి కదా. దక్షిణం, పడమర గట్ల మీద వేయండి, ట్రాక్టర్ తిరిగే బాట వదిలి.

అడవిపందులు ఉన్న చోట వాక్కాయ ఒక్కటే నమ్ముకోవద్దు. కింద జానెడు సందు దొరికితే దూరేస్తాయి, మొదట్లో రెండు తీగలైనా లాగాలి. కాయ కోసేటప్పుడు పాలు కారతాయి, చేతికి అంటుకుంటే జిగురు ఒక పట్టాన పోదు. మా పడమటి గట్టు కాయ వాక్కాయ పప్పుకీ, పచ్చడికీ పోగా మిగిలింది బేకరీ సరుకు చేసేవాళ్ళు పట్టుకెళ్తారు, కేకు మీద ఎర్రగా పెట్టే చెర్రీ చాలాసార్లు చక్కెర పాకంలో రంగేసిన మన వాక్కాయే.

సీమగుట్ట:
మా చిత్తూరు వైపు గుట్టల మీద కలివికాయలు ఉంటాయి, అవీ ఈ జాతివే, కాయ చిన్నది. నీళ్ళు లేని గట్టుకి అవీ పనికొస్తాయి. కర్రపెండలం మాత్రం ఎవరైనా చెప్పినా వేయొద్దన్నా, నీడలో దుంప ఊరదు, పైగా పందులకి పిలిచి భోజనం పెట్టినట్టే.

రెండెకరాలు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పసుపుకొమ్ము అన్న పోస్టు నాన్నకి చదివి వినిపిస్తే "అదే కదరా నేను చెప్పింది" అన్నారు, చెప్పలేదు కానీ సరే. పసుపు సపోటా, కొబ్బరి కింద పెడితే ఎలా ఉంటుంది? వాటికి ఎలాగూ చలికాలంలో కూడా నీళ్ళు పెడుతున్నాం.

పసుపుకొమ్ము:
భేషుగ్గా ఉంటుంది, అసలు చోటు అదే. బోదెలు చేసి పెట్టండి, నీరు నిలిస్తే దుంప కుళ్ళు వస్తుంది. ఆ వైపు డ్రిప్‌కి వేరే గేట్ వాల్వు బిగించుకోండి ముందు. లేకపోతే మీరు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నవంబర్‌లో ఎవరో ఒకరు మోటారు వేసి మొత్తం తోటకి వదిలేస్తారు.

గోదారిగట్టు:
కంద తొలి ఏడు నాలుగు సాళ్ళలోనే వేయండి. వచ్చినదాంట్లోంచి విత్తనం తీసి పెట్టుకుంటే మరుసటి ఏడు కొనే పని ఉండదు. కోసేటప్పుడు చేతులకి కొబ్బరినూనె రాసుకోవడం మర్చిపోకండి, గజేంద్ర అయినా పచ్చిది పచ్చిదే.