సమస్య: మర్రిచెట్టు బనీనుతో మాటలాడె

నిర్వాహకుడు: పొద్దున బనీను ఆరేస్తుంటే తట్టిన పాదం. మర్రికి ఇంగ్లీషులో ఉన్న ‘బనియన్’ అనే పేరూ దీని పేరూ ఒకటే కదా! పూరించండి.

గోదారిగట్టు:

వణిజు పేరది యాంగ్లేయ వాణికెక్కి
నీడ నిచ్చిన తరువుకు నిలిచె, పిదప
యొంటి కంటిన వస్త్రమై యొదిగిపోయె;
మర్రిచెట్టు బనీనుతో మాటలాడె

అక్షరజ్ఞ: ‘ఒదిగిపోయె’ చక్కగా పడింది గోదారిగట్టు గారూ. అయితే మొదట్లో బనియన్ అంటే వర్తకుల తీరులో దొరలు కుట్టించుకున్న వదులు అంగీ. ఒంటికి అంటేది కాదు. చెట్టుకు ఆ పేరు పుట్టిన రేవు మీ పద్యంలో ఏదీ? 17వ శతాబ్దపు గోంబ్రూన్, అంటే నేటి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్. అక్కడి మర్రి కింద మన వర్తకులు చిన్న గుడి కట్టుకున్నారు. నా పూరణ:

పారసీక రేవులోన బందరందు
కూడి ఘూర్జర వణిజులు కొలువుతీర
నాంగ్లులా పేరె చెట్టుకు నంటగట్ట
మర్రిచెట్టు బనీనుతో మాటలాడె

గోదారిగట్టు: సమస్యలో ఉన్నది నేటి బనీను, అంగీ కాదు. మీ మొదటి పాదం చూడండి: పార, సీకరే, వులోన. తేటగీతిలో ఇంద్రగణం ఉండాల్సిన చోట జగణం (లఘువు, గురువు, లఘువు)! ‘పారసీకపు రేవులో’ అంటే సరిపోయేది. మొన్న వేపచెట్టు సమస్యలో నా జ–స యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదర్చడం) మీద నాలుగు రోజులు వాదించింది మీరే కదా?

అక్షరజ్ఞ: జగణం నిజమే, దిద్దుకుంటాను. వేపచెట్టు దగ్గర నేను పట్టింది హల్లును కాదు, అచ్చును. ‘జా’కి ‘సి’ ఎలా కుదురుతుంది? ఇప్పటికీ అదే మాట.

పాలమూరు పద్యం: వేపను వదిలేయండి అన్నా! వర్తకుడని అర్థమున్న గుజరాతీ ‘వాణియో’ పోర్చుగీసువాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు చేరింది. సంస్కృతంలో న్యగ్రోధం అంటే కిందికి పెరిగేది. ఆ పేరు పెట్టినవాడు ఊడను చూశాడు, ఇంగ్లీషువాడు నీడన కూర్చున్నవాళ్లను చూశాడు. మా పిల్లలమర్రి కింద నిలబడితే ఏది మాను, ఏది ఊడ అన్నది తేలదు. ఒక్కరి పద్యంలోనూ ఊడ లేదేమి?

నిర్వాహకుడు: ఊడ లేని లోటు నిజమే. అక్షరజ్ఞ గారూ, ‘ఆంగ్లులా’ అంటే ఆంగ్లుల మాదిరి అని చదువుతారు. ‘ఆంగ్లులప్పేరె’ అనండి, గణమూ చెడదు. ఇంకొకటి, మీ పద్యంలో చెట్టుకు పేరొచ్చింది గానీ బనీనుకు రాలేదు. అవి రెండూ ఎందుకు మాట్లాడుకున్నట్టు?